ఏ సోడా? ఎంత సోడా?



ఇవాళ చెప్పుకునేది ఒక తెల్లని పొడి గురించి. కొందరు దాన్ని తినే సోడా అంటారు. కొందరు వంట సోడా అంటారు. సోడా ఉప్పు అనే వాళ్ళూ ఉన్నారు. మిరపకాయ బజ్జీల పిండిలో వేసేది అదే. శనగలు తొందరగా ఉడకాలని చిటికెడు వేసేది అదే. విందు భోజనం తిన్న రాత్రి కడుపు ఉబ్బరిస్తే పెద్దవాళ్ళు నీళ్ళలో కలుపుకుని తాగేదీ అదే.

ఆ సోడాతో నోరు శుభ్రం చేసుకోవచ్చా? చేసుకోవచ్చు. ఎంత వేసుకోవాలి, ఎప్పుడు వేసుకోవాలి అన్నది తెలియాలి. దానితో కాని పనులు ఏవో కూడా తెలియాలి. నిజానికి ఎక్కువసేపు చెప్పుకోవలసింది ఆ కాని పనుల గురించే.

ఒక ఇల్లు అనుకుందాం. శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం ఉంది కదా. కవిటి, సోంపేట, కంచిలి, మందస వైపు. కొబ్బరి తోటలూ, జీడి తోటలూ ఉన్న నేల. అక్కడ ఒక ఊళ్ళో ఒక ఇల్లు. ఆ ఇంట్లో ఒక పెద్దామె ఉంది. ఆమె కొడుకు, కోడలు, ఏడేళ్ళ మనవడు ఉన్నారు. కోడలికి ఇప్పుడు మూడో నెల.

పెద్దామె కిందటేడు రాత్రి బడికి వెళ్ళింది. అక్షరాలు నేర్చుకుంది. కూడబలుక్కుని చదువుతుంది. బస్సు మీద ఊరి పేరు చదువుతుంది. సంతకం పెడుతుంది. కోడలు ఏడో తరగతి దాకా చదివింది. కొడుకు మాత్రం చిన్నప్పుడే తోట పనికి పోయాడు. రాత్రి బడికి రమ్మంటే, "ఈ వయసులో నాకేటి సదువు" అని నవ్వేశాడు.

ఈ నలుగురూ నాలుగు రకాలుగా పళ్ళు తోముకుంటారు. పెద్దామె కచ్చిక బూడిదలో ఉప్పు కలుపుకుని వేలితో తోముకుంటుంది. కొడుకు వేపపుల్ల నములుతూ తోటకు పోతాడు. ఒక్కోరోజు పుల్ల దొరక్కపోతే బొగ్గు నూరి తోముకుంటాడు. కోడలు బ్రష్షు, పేస్టు వాడుతుంది. మనవడు బ్రష్షు నోట్లో పెట్టుకుని వీధంతా తిరిగి వస్తాడు. తోమింది మాత్రం ముందు పళ్ళే.

వేపపుల్లను తప్పు పట్టనక్కర లేదు. మెత్తగా నమిలి, కుంచెలా చేసుకుని, నెమ్మదిగా తోముకుంటే పాచి పోతుంది. బొగ్గు, ఇటుక పొడి, ఇసుక మాత్రం మంచివి కావు. అవి గరుకు. పంటి మీద పింగాణీ లాంటి గట్టి పొర ఉంటుంది. ఒంట్లో ఎముక కన్నా గట్టిది ఆ పొర. అయినా ఏళ్ళ తరబడి గరుకు పొడితో రుద్దితే అరిగిపోతుంది. అరిగిన పొర మళ్ళీ మొలవదు. అప్పుడు చల్లనీళ్ళు తాగినా పళ్ళు జివ్వుమంటాయి.

తినే సోడా అంత గరుకు కాదు. దాని పలుకులు పంటి పొర కన్నా చాలా మెత్తన. తడి తగిలితే కరిగిపోతాయి. అందుకే దాన్ని పేస్టుల్లో కూడా కలుపుతారు. డబ్బా వెనక సోడియం బైకార్బొనేట్ అని రాసి ఉంటే అది తినే సోడాయే. పేరు పెద్దది, పొడి ఒకటే.

ఇంతకీ ఈ సోడా నోట్లో ఏం చేస్తుంది?

నిమ్మకాయ పిండిన నీళ్ళలో కొంచెం సోడా వెయ్యండి. బుసబుస పొంగుతుంది. ఎందుకు పొంగుతుంది? నిమ్మరసంలో పులుపు ఉంది. సోడాది క్షార గుణం. క్షారం పులుపును విరిచేస్తుంది. విరిచేటప్పుడు గాలి బయటికి వస్తుంది. అదే పొంగు.

నోట్లో కూడా పులుపు పుడుతుంది. చింతపండు తింటేనే కాదు, తీపి తిన్నా పుడుతుంది. వినడానికి వింతగా ఉంటుంది గానీ నిజం. పళ్ళ మీద పాచి ఉంటుంది. పాచిలో కంటికి కనపడని క్రిములు ఉంటాయి. మనిషి తిన్న తీపిని అవీ తింటాయి. తిని పులుపును వదులుతాయి. ఆ పులుపు పంటి పొరను కొంచెం కొంచెం కరిగిస్తుంది. రోజూ కరిగితే గుంట పడుతుంది. గుంట నల్లబడి పిప్పి పన్ను అవుతుంది.

మనవడి సంగతే చూడండి. జాతరలో నానమ్మ జీళ్ళు కొనిపెట్టింది. బెల్లం జీళ్ళు పంటికి అతుక్కుంటాయి. వాడు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, నిద్రపోయే ముందు ఒకటి బుగ్గన పెట్టుకున్నాడు. ఒక్క జీడి తిన్నాక నోట్లో పులుపు తగ్గడానికి అరగంట పైనే పడుతుంది. ఉమ్మి దాన్ని నెమ్మదిగా కడుగుతుంది. రాత్రి నిద్రలో ఉమ్మి తక్కువ ఊరుతుంది. అందుకే రాత్రి తిన్న జీడి పగటి జీడి కన్నా చెరుపు చేస్తుంది. మూడూ ఒకేసారి తినేసి నోరు కడుక్కుంటే కొంత నయం. రోజంతా చప్పరిస్తే రోజంతా పులుపే.

సోడా నీళ్ళు పుక్కిలిస్తే ఆ పులుపు విరుగుతుంది. నోటి వాసన కూడా తగ్గుతుంది. సోడాతో అయ్యే పని ముఖ్యంగా ఇదే.

కొలత చెప్పుకుందాం. ఒక గ్లాసు మంచినీళ్ళు. అందులో చిన్న చెంచాతో అర చెంచా సోడా. టీలో పంచదార వేసుకునే చెంచా అన్నమాట, గరిటె కాదు. బాగా కలపాలి. అడుగున పొడి మిగలకూడదు. ఒక పుక్కిలి నోట్లో పోసుకుని అర నిమిషం అటూ ఇటూ తిప్పాలి. ఉమ్మెయ్యాలి. మింగకూడదు. గ్లాసులో సగం మిగిలితే పారబొయ్యండి. రేపటికి దాచనక్కర లేదు, సోడా అంత ఖరీదైంది కాదు.

అన్నం తిన్నాక పుక్కిలించవచ్చు. తీపి తిన్నాక పుక్కిలించవచ్చు. రోజుకు ఒకటి రెండు సార్లు చాలు. ఆరేళ్ళ లోపు పిల్లలకు వద్దు. వాళ్ళకు ఉమ్మడం సరిగా రాదు, మింగేస్తారు. వాళ్ళకు వట్టి నీళ్ళే చాలు.

ఇక కోడలి సంగతి. ఆమెకు వేవిళ్ళు. పొద్దున లేస్తూనే వాంతి. వాంతి కాగానే నోరు పుల్లగా, చేదుగా ఉంటుంది. వెంటనే బ్రష్షు తీసుకుని గట్టిగా తోముకునేది. ఇది చాలామంది ఆడవాళ్ళు చేసేదే. కానీ కడుపులో నుంచి వచ్చేది మామూలు పులుపు కాదు, గట్టి ఆమ్లం. అది తగిలి పంటి పైపొర మెత్తబడి ఉంటుంది. అప్పుడే బ్రష్షుతో రుద్దితే ఆ పొర ఊడిపోతుంది.

వాంతి అయిన వెంటనే సోడా నీళ్ళు పుక్కిలించి ఉమ్మెయ్యాలి. ఆమ్లం విరుగుతుంది. ఒక అరగంట, గంట ఆగి అప్పుడు పళ్ళు తోముకోవాలి. ఊరి ఆశా కార్యకర్త చెప్పాక కోడలు అలాగే చేస్తోంది. మంచం పక్కన గ్లాసు, చెంచా, సోడా డబ్బా పెట్టుకుంది. కడుపుతో ఉన్న ఆడమనిషికి "పిల్ల పుడితే ఒక పన్ను పోతుంది" అనే మాట చెబుతూ ఉంటారు. పిల్ల తల్లి పంటిని తినదు. వాంతుల పులుపూ, చిగుళ్ళ వాపూ, పట్టించుకోకపోవడమూ కలిసి పన్నును తింటాయి.

సోడా నీళ్ళు ఇంకెవరికి పనికొస్తాయి? పెట్టుడు పళ్ళు ఉన్నవాళ్ళు రాత్రి వాటిని తీసి, తోమి, గ్లాసు నీళ్ళలో ఒక చెంచా సోడా కలిపి నానబెట్టుకోవచ్చు. వేడి నీళ్ళు మాత్రం పొయ్యకండి, పళ్ళ సెట్టు వంకర పోతుంది. నోరు పూసినవాళ్ళకు పావు చెంచా సోడా, చిటికెడు ఉప్పు, గ్లాసు గోరువెచ్చని నీళ్ళు హాయిగా ఉంటాయి. కాన్సర్ మందులు ఎక్కిన వాళ్ళకు నోరంతా పుండు అవుతుంది. ఆసుపత్రుల్లో వాళ్ళకు కూడా ఇలాంటి నీళ్ళే పుక్కిలించమని చెబుతారు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక ఆ ఇంట్లో జరిగిన గొడవ వినండి.

ఆ ఇంటి వంటగదిలో ఒక గూడు ఉంది. గూట్లో రెండు పాకెట్లు. రెంటిలోనూ తెల్లని పొడే. ఒకటి బజ్జీలకు తెచ్చింది. ఇంకోటి దుప్పట్లు ఉడకబెట్టడానికి తెచ్చింది. రెంటినీ ఆ ఇంట్లో సోడా అనే అంటారు.

ఆ రోజు కొడుకు పెళ్ళికి వెళ్ళాలి. అతనికి ఖైనీ అలవాటు. నోరు వాసన. నలుగురిలో కూర్చుంటే బాగోదని భార్య రోజూ అంటుంది. భార్య పుక్కిలించడం చూశాడు. తానూ పుక్కిలిద్దాం అనుకున్నాడు. గూట్లో చెయ్యి పెట్టాడు. చేతికి వచ్చిన పాకెట్టు తీశాడు. కొలత ఏమీ చూడలేదు. చారెడు పొడి గ్లాసులో వేశాడు. నోట్లో పోసుకున్నాడు.

నోరు జిగటగా అయింది. వెంటనే మంట ఎత్తింది. ఉమ్మేశాడు. పెదవులు, నాలుక భగ్గుమన్నాయి. "అమ్మా!" అని కేక వేశాడు.

పెద్దామె పరుగెత్తుకు వచ్చింది. కింద పడిన పాకెట్టు తీసింది. వెలుతురు దగ్గరికి పట్టింది. కూడబలుక్కుంది. "వా... షిం... గ్... సో... డా." చదివింది. కానీ అర్థం కాలేదు. "వాషింగు అంటే ఏటే?" అని కోడలిని అడిగింది.

"ఉతకడం, అత్తా! అది బట్టల సోడా!"

చూశారా! కంపెనీల వాళ్ళు తెలుగు అక్షరాలతో ఇంగ్లీషు మాట అచ్చు వేస్తారు. కొత్తగా చదువు నేర్చిన మనిషి కష్టపడి అక్షరం అక్షరం కూడుతుంది. కూడాక చేతికి వచ్చేది తెలియని మాట. బట్టల సోడా అని రాస్తే సిరా ఎక్కువ ఖర్చు అవుతుందా? కానీ వాళ్ళు మారేదాకా ఆగలేం. అందుకే ఈ రెండు మాటలు గుర్తు పెట్టుకోండి. వాషింగ్ అంటే ఉతకడం. వాషింగ్ సోడా అంటే బట్టల సోడా. బేకింగ్ సోడా, కుకింగ్ సోడా అంటే తినే సోడా. మళ్ళీ బేకింగ్ పౌడర్ అని ఒకటి ఉంది. కేకుల్లో వేస్తారు. అందులో సోడాతో పాటు పులుపు పొడి కూడా కలిపి ఉంటుంది. నోటికి అదీ వద్దు.

బట్టల సోడా తినే సోడాకు చుట్టమే. కానీ గుణం వేరు. దాని క్షారం చాలా ఘాటు. వెనకటి రోజుల్లో చవుడు మట్టితో బట్టలు ఉడకబెట్టేవారు. ఆ మట్టిలో ఉండేది ఈ సోడాయే. మురికి బట్టను ఉడికించే పొడి నోటి లోపలి మెత్తని చర్మాన్ని ఊరుకుంటుందా? కాలుస్తుంది. మింగితే గొంతును, అన్నం దిగే గొట్టాన్ని కూడా కాలుస్తుంది. ఇక కాస్టిక్ సోడా ఉంది. సబ్బులు చేసేవాళ్ళ దగ్గర ఉంటుంది. అది ఇంకా దారుణం. అది వంటగది గడప తొక్కనే కూడదు.

కొడుకు నిమ్మకాయ కోసం చూశాడు. పులుపు వేస్తే సోడా విరుగుతుందని అతని ఆలోచన. కోడలు నిమ్మకాయ లాగేసింది. అది మంచి పనే. కాలిన నోట్లో పులుపు పొయ్యకూడదు. వేలు పెట్టి వాంతి చెయ్యకూడదు. కిందికి పోతూ ఒకసారి కాల్చిన మందు పైకి వస్తూ ఇంకోసారి కాలుస్తుంది. చెయ్యవలసింది మంచినీళ్ళతో నోరు కడగడం. చెంబు తరవాత చెంబు కడగాలి. పావుగంట సేపు కడగాలి. మింగి ఉంటే, లేదా గొంతు నొప్పి, ఊపిరి ఇబ్బంది ఉంటే 108కి ఫోను చేసి ఆసుపత్రికి పోవాలి. పాకెట్టు కూడా వెంట తీసుకుపోవాలి. డాక్టరు దాన్ని చూస్తే ఏం మింగారో తెలుస్తుంది.

కొడుకు మింగలేదు. అదృష్టం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకున్నాడు. నాలుగు రోజులు గంజి, మజ్జిగ అన్నం. పెళ్ళి భోజనం పోయింది. అదే గ్లాసు మనవడి చేతిలో ఉంటే? పిల్లలు ఉమ్మరు, గుటుక్కున మింగుతారు. ఆ రాత్రి పెద్దామెకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఏది ఏ సోడానో ఎలా తెలుసుకోవడం? నాలుక మీద వేసి చూడటం పనికిరాదు. అది కాలిందంటే అప్పటికే ఆలస్యం. నిమ్మరసం పరీక్ష కూడా పనికిరాదు. నిమ్మరసం వేస్తే బట్టల సోడా కూడా బుసబుస పొంగుతుంది. కంటితో చూస్తే రెండూ తెలుపే. కాబట్టి చదవాలి. వేరే దారి లేదు.

ముందు పేరు చదవండి. తరవాత చదరం గీతలో పచ్చ చుక్క ఉందేమో చూడండి. శాకాహారమైన తినే సరుకు పాకెట్ల మీద ఆ గుర్తు ఉంటుంది. ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. అనే అక్షరాలు, వాటి పక్కన 14 అంకెల నంబరు కూడా ఉంటాయి. బట్టల సోడా మీద అవి ఉండవు. విడిగా పొట్లం కట్టి ఇచ్చే సోడా నోటికి కొనకండి. కాగితం పొట్లానికి పేరు ఉండదు.

పెద్దామె ఏం చేసిందంటే, మర్నాడు బట్టల సోడాను పెరట్లో సబ్బుల పెట్టెలోకి మార్చింది. పిల్లాడికి అందని ఎత్తున పెట్టింది. తినే సోడాను మూత ఉన్న డబ్బాలో పోసింది. మనవడి పలక సుద్ద తీసుకుని డబ్బా మీద రాసింది. తినే సోడా. 'డా'కు దీర్ఘం మరిచిపోయింది. మనవడు దిద్దాడు. సుద్ద రెండు రోజుల్లో చెరిగిపోయింది. అప్పుడు కాగితం మీద రాసి అంటించింది.

ఇంకో ముచ్చట. కోడలి చెల్లెలు ఫోనులో చూసిందట. సోడాలో నిమ్మరసం కలిపి రుద్దితే పళ్ళు మల్లెపూవుల్లా అవుతాయట. రుద్దింది. వారానికి పళ్ళు జివ్వుమన్నాయి. పులుపూ సోడా కలిస్తే ఒకదాన్నొకటి విరుచుకుంటాయి, ఇందాక చెప్పుకున్నాం. సోడా బలం పోతుంది. మిగిలిన పులుపు పంటి పొరను మెత్తబరుస్తుంది. మెత్తబడిన పొర మీద రుద్దుడు. దానికి తెల్లదనం ఎక్కడ నుంచి వస్తుంది?

పంటి మీద టీ మరక, ఆకు వక్క మరక ఉంటే తడి బ్రష్షు మీద చిటికెడు సోడా వేసుకుని వారానికి రెండు మూడు సార్లు నెమ్మదిగా తోముకోవచ్చు. పైపై మరక కొంత పోతుంది. గార పోదు. గార అంటే పాచి గట్టిపడి రాయి అయినది. దాన్ని పళ్ళ డాక్టరు పనిముట్టుతో తీస్తారు. గార తీస్తే పళ్ళు కదులుతాయని భయపడకండి. కదిలేది గార వల్ల చిగుళ్ళు చెడి.

నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో కొన్ని ఊళ్ళలో పిల్లల పళ్ళ మీద గోధుమ రంగు చారలు ఉంటాయి. అవి మరకలు కావు. తాగే నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువై, పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే పడిన చారలు. మన దేశంలో ఈ జబ్బును మొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి రాశారు. బస్తా సోడా రుద్దినా ఆ చారలు పోవు. ఆ పిల్లలకు కావలసింది మంచినీళ్ళు.

అయితే ఫ్లోరైడు చెడ్డదేనా? ఎక్కువైతే చెడ్డది. పేస్టులో ఉండే కొంచెం ఫ్లోరైడు పంటి పొరను గట్టి చేస్తుంది. తినే సోడాలో ఫ్లోరైడు లేదు. అందుకే సోడా పేస్టుకు బదులు కాదు. ఫ్లోరైడు ఉన్న పేస్టుతో పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి తోముకోవాలి. మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపు గింజంత పేస్టు, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత చాలు. నీళ్ళలో ఫ్లోరైడు ఉన్న ఊళ్ళవాళ్ళు చిన్నపిల్లల పేస్టు గురించి డాక్టరును అడగండి.

ఉద్దానం వాళ్ళకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ కిడ్నీ జబ్బు ఎంత మందిని తిన్నదో అందరికీ తెలుసు. ఆ ఇంటి పక్కింట్లోనే ఒకాయన వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కు పోతాడు. ఒక చిన్న చెంచా తినే సోడాలో దాదాపు 1,200 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్ద మనిషికి రోజంతటికీ 2,000 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు సోడా నీళ్ళు మింగకూడదు. పుక్కిలించి ఉమ్మడం వేరు, తాగడం వేరు. కొందరు కిడ్నీ రోగులకు డాక్టర్లు సోడా మాత్రలు రాస్తారు. అది నిజమే. వాళ్ళు రక్తం పరీక్ష చేసి, లెక్క కట్టి రాస్తారు. దాన్ని చూసి ఇంట్లో చెంచాలు కలుపుకోకూడదు.

పన్ను పోటు వస్తే సోడా గుంటలో కూరతారు కొందరు. ఆ గుంట పూడదు. చెంప వాచినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా సోడాతో, లవంగంతో రోజులు గడపకండి. ఆ చీము లోపలికి పాకితే ప్రాణం మీదికి వస్తుంది.

చివరిగా పెద్దామె సంగతి. ఆమె అడ్డపొగ తాగుతుంది. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు వాళ్ళకు చెప్పనక్కర లేదు. మిగతా జిల్లాల వాళ్ళకు చెప్పాలి. చుట్ట నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని తాగడం అడ్డపొగ. ఎక్కువగా ఆడవాళ్ళే తాగుతారు. గాలికి నిప్పు ఆరదు, పని చేసుకుంటూ తాగవచ్చు, చుట్ట చాలాసేపు వస్తుంది. పెద్దామెకు వాళ్ళ అమ్మ దగ్గర అబ్బింది. నలభై ఏళ్ళ అలవాటు.

సోడా నీళ్ళు పుక్కిలిస్తే ఆమెకు నోరు తేలికగా ఉంది. పొగ వాసన తగ్గింది. పళ్ళ నలుపు కొంచెం విరిగింది. "ఇంకేటి, సుట్ట తాగినా పరవాలేదు, సోడా ఉందిగా" అంది.

ఆ మాట దగ్గరే ఆగాలి. నిప్పు కాల్చేది పళ్ళను కాదు, అంగిటిని. అంగిలి అంటే నోటి పైకప్పు. ఏళ్ళ తరబడి నిప్పూ పొగా తగిలి అక్కడ చర్మం తెల్లబడుతుంది. చిన్న చిన్న ఎర్ర చుక్కలు లేస్తాయి. కొందరికి అది కాన్సర్ అవుతుంది. అడ్డపొగ తాగేవాళ్ళలో అంగిటి కాన్సర్ గురించి విశాఖపట్నం డాక్టర్లు ఎన్నో ఏళ్ళ నుంచి చెబుతూనే ఉన్నారు. మొదట్లో నొప్పి ఉండదు. నొప్పి లేదు కదా అని మనిషి ఊరుకుంటుంది. సోడా వాసన తీస్తుంది. మచ్చను తియ్యలేదు. ఖైనీ పెట్టుకునే కొడుకుకీ ఇదే మాట. అతని మచ్చ బుగ్గ లోపల, పెదవి లోపల వస్తుంది.

కోడలు అత్తను గుమ్మం దగ్గర కూర్చోబెట్టింది. నోరు తెరవమంది. ఫోను దీపం వేసి చూసింది. అంగిటి మీద రూపాయి బిళ్ళంత తెల్లని మచ్చ.

"ఎన్నాళ్ళ నుంచి ఉంది అత్తా?"

"ఏమో, నాలుక తగిలితే గరగరమంటాది. నొప్పి లేదు."

నోట్లో తెల్ల మచ్చ గానీ, ఎర్ర మచ్చ గానీ, పుండు గానీ, గడ్డ గానీ రెండు వారాలు దాటి ఉంటే డాక్టరుకు చూపించాలి. నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా చూపించాలి. ముందే పట్టుకుంటే చాలా మచ్చలకు వైద్యం ఉంది.

సోమవారం అత్తా కోడళ్ళు పెద్దాసుపత్రికి బస్సు ఎక్కారు. పళ్ళ డాక్టరు చూశారు. చుట్ట ఆ రోజే మానాలన్నారు. మచ్చ నుంచి మినపగింజంత ముక్క తీసి పరీక్షకు పంపారు. నొప్పి తెలియకుండా సూది వేశారు. పుండు మానేదాకా సోడా, ఉప్పు నీళ్ళు నెమ్మదిగా పుక్కిలించమన్నారు. రిపోర్టుకు మళ్ళీ రమ్మని చీటీ మీద తేదీ రాశారు.

బస్సులో పెద్దామె ఆ చీటీ తీసి చదువుకుంది. అంకెలు తెలిశాయి. వారం పేరు కూడా తెలిసింది. గురువారం.